బీటు పుస్తకం మా కిటికీకి వేలాడిన రోజులు

మా నాన్నగారు రైల్వేలో గూడ్సు గార్డు. బెజవాడలో రైల్వే కుటుంబాల్లో పెరిగినవాళ్ళకి ఈ ఒక్క మాట చాలు, మా ఇంట్లో రాత్రులు ఎలా గడిచేవో తెలిసిపోతుంది. ఏ రాత్రి ఇంట్లో ఉంటారో, ఏ రాత్రి గూడూరు లైన్లో ఉంటారో ఆయనకే తెలిసేది కాదు. అర్ధరాత్రి కాల్‌బాయ్ సైకిలు మీద వచ్చి తలుపు కొట్టేవాడు. "గార్డు గారూ, రెండున్నరకి గూడ్సు" అని చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. నాన్న యూనిఫాం తొడుక్కుని, అమ్మ సర్దిన క్యారియర్ పట్టుకుని వెళ్ళాక ఇంట్లో మిగిలేది అమ్మ, మామ్మ, నేను, తమ్ముడు. ఆ తర్వాత ఎవరు తలుపు తట్టినా అమ్మ గుండె ఆగినంత పనయ్యేది.

మేం సత్యనారాయణపురంలో ఉండేవాళ్ళం. ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డు ఉన్నచోట అప్పుడు రైలు కట్ట. పెంకుటిళ్ళు, మధ్యమధ్యలో డాబాలు, ఇంటింటికీ అరుగులు. ఎండాకాలం బెజవాడలో ఇంట్లో పడుకునే ప్రసక్తే లేదు. కరెంటు పోయిందంటే వీధంతా నవ్వారు మంచాలు బయటికొచ్చేవి. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ ఆరుబయటే. ఇళ్ళ తలుపులు ఓరగా వేసి అలా వీధిలో పడుకోగలిగామంటే దానికి చాలా కారణాలుంటాయి కానీ, మా వీధిలో అందరూ ముందుగా చెప్పే కారణం ఒకటే. రాత్రి బీటు, అంటే పోలీసుల గస్తీ.

పదకొండు దాటాక ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చేవాళ్ళు. ముందు విజిల్ వినిపించేది, తర్వాత లాఠీ కొసతో కరెంటు స్తంభాన్ని కొట్టిన చప్పుడు. ఆ చప్పుడు ఎందుకని చిన్నప్పుడు అడిగాను. దొంగ ఉంటే ముందే పారిపోడా అని నా అనుమానం. "పారిపోతే మంచిదే కదమ్మా, మీ ఇంట్లో పడలేదుగా" అన్నాడు పెద్దాయన. అమ్మ ఆయన్ని బాబాయిగారూ అనేది, మాకు పోలీసు తాత. అప్పటికే యాభై దగ్గరపడి ఉంటాయి. దివిసీమ మనిషి. 1977 ఉప్పెన మాటెత్తితే మాత్రం ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయేవాడు.

మా ఇల్లు వీధి మలుపులో ఉండటంతో బీటు పుస్తకం మా కిటికీ ఊచకి వేలాడదీశారు. పురికొసతో కట్టిన చిన్న పుస్తకం, వానకి తడవకుండా పైన ప్లాస్టిక్ కవరు. ఇలాంటివే రామమందిరం దగ్గర ఒకటి, బ్యాంకు దగ్గర ఒకటి ఉండేవి. తిరిగిన ప్రతిసారీ అక్కడ టైము వేసి సంతకం పెట్టాలి. రాత్రి రౌండ్స్‌కి ఎస్సై వచ్చినప్పుడు తీసి చూసి, తనూ సంతకం చేసి పోయేవాడు. వాన వచ్చేటట్టుంటే ఆ పుస్తకం లోపల పెట్టి, తగ్గాక మళ్ళీ కట్టడం నా పని. అది ప్రభుత్వం వారి పుస్తకం, పోతే జైల్లో వేస్తారని తమ్ముణ్ణి భయపెట్టేదాన్ని.

ఆ పుస్తకాన్ని మా అమ్మంత శ్రద్ధగా ఏ ఎస్సై కూడా చదివి ఉండడు. పొద్దున్నే ముగ్గు వేయడానికి లేవగానే కవరు తీసి చూసేది. పదకొండూ నలభై, రెండూ పది, నాలుగు. రెండూ పదికి కిటికీ అవతల మనుషులు నించుని టార్చిలైటు వెలుగులో సంతకం పెట్టారని తెలిస్తే, రాత్రి తను ఒంటరిగా లేనన్న ధైర్యం ఆవిడకి తెల్లారి వచ్చేది. నాన్న తిరిగొచ్చాక "నిన్న మూడుసార్లు తిరిగారండీ" అని చెప్పేది. ఒకసారి కొత్తగా వచ్చిన కుర్ర కానిస్టేబుల్ మూడు సంతకాలూ ఒకేసారి పెట్టేశాడు. సిరా తేడా లేకుండా, అక్షరాలన్నీ ఒకే వాలులో ఉన్నాయని అమ్మ కనిపెట్టింది. మర్నాడు రాత్రి పెద్దాయనకి మెల్లగా చెప్పింది. ఆయన ముఖం మాడిపోయింది. ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చి, "ఈ ఇంట్లో ఆయన గార్డు. రాత్రుళ్ళు ఊరికి బియ్యం, బొగ్గు తెచ్చేవాళ్ళు ఆయనలాంటివాళ్ళే. ఆయన పెళ్ళాంబిడ్డలకి మనం కాపలా కాయలేమా?" అన్నాడు. ఆ మాట మా నాన్న బతికున్నన్నాళ్ళూ తలచుకునేవారు.

సెకండ్ షో చూసి వచ్చేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. గాంధీనగర్, గవర్నరుపేట థియేటర్ల నుంచి పన్నెండున్నరకి జనం నడిచి వచ్చేవాళ్ళు. బీటు వాళ్ళు ఆపితే చొక్కా జేబులోంచి చింపిన టికెట్టు ముక్క తీసి చూపించాలి. అందుకే మా చిన్నాన్నలు సినిమా అయిపోయినా టికెట్టు పారేసేవాళ్ళు కాదు. కాల్‌బాయ్‌ని మొదట్లో ఆపేవాళ్ళు, తర్వాత వాళ్ళు వాళ్ళు స్నేహితులైపోయారు. అర్ధరాత్రి ఉద్యోగాలు చేసేవాళ్ళ మధ్య ఒక బంధుత్వం ఉంటుంది. కాల్‌బాయ్, బీటు కానిస్టేబుళ్ళు, తెల్లవారుజామున పాల బండివాడు, పేపర్ కుర్రాళ్ళు, వీళ్ళందరికీ ఒకరి మొహాలు ఒకరికి తెలుసు. కొత్త మొహం కనిపిస్తే వీళ్ళలో ఎవరో ఒకరు వెంటనే చెప్పేసేవాళ్ళు.

ఇక 1988 డిసెంబరు. నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. 26వ తేదీ తెల్లవారుజామున, నిరాహారదీక్ష శిబిరంలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా గారిని హత్య చేశారు. పొద్దెక్కేసరికి ఊరు అంటుకుంది. ఊరి మధ్యలోంచి నల్లటి పొగలు లేవడం మా డాబా మీద నుంచి కనిపించింది. దుకాణాలు తగలబెట్టారు, మనుషులు చచ్చిపోయారు, కర్ఫ్యూ పెట్టారు. రాజకీయాల జోలికి నేనిప్పుడు వెళ్ళను. అప్పటికి మా ఇంట్లో ఉన్న దిగులల్లా నాన్న. ముందురోజు రాత్రే లైనుకి వెళ్ళారు. ఇంట్లో ఫోను లేదు. బళ్ళు తిరుగుతున్నాయో లేదో తెలియదు. స్టేషన్‌కి వెళ్ళి కనుక్కుందామంటే కర్ఫ్యూ.

ఆ రోజుల్లో మా వీధి మొదట్లోంచి తుపాకులు, హెల్మెట్లు పెట్టుకున్న బలగాలు లారీల్లో వెళ్ళేవి. కవాతు చేస్తూ వెళ్ళినప్పుడు బూట్ల శబ్దానికి మా మామ్మ జపం ఆపేసేది. వాళ్ళు మా రక్షణకే వచ్చారని పెద్దవాళ్ళు చెప్పినా, వాళ్ళు వెళ్ళాక వీధి ఇంకా ముడుచుకుపోయేది. కిటికీ రెక్క సందులోంచి చూడటానికి కూడా భయం. ఇంతమంది తుపాకులతో రావలసి వచ్చిందంటే బయట ఇంకెంత ఘోరంగా ఉందో అనిపించేది.

రెండో రోజు సాయంత్రం కిటికీ దగ్గర "అమ్మా, నేనే" అని వినిపించింది. పోలీసు తాత. గడ్డం మాసిపోయి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోయి ఎంతసేపయిందో. స్టేషన్ దగ్గర బందోబస్తు వేస్తే అక్కడ కాల్‌బాయ్ కనిపించాడట. వాడు కంట్రోల్ ఆఫీసులో కనుక్కుని చెప్పాడట, నాన్న గూడూరులో రైలు సిబ్బంది విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూములో ఉన్నారని, క్షేమమని. "బళ్ళు కదిలితే వచ్చేస్తాడు. తలుపు తీయకండి" అని చెప్పి, పాలు ఉన్నాయా అని అడిగి, ఇంకో కానిస్టేబుల్‌తో కలిసి ముందుకి నడిచాడు. వాళ్ళు మా వీధి చివరిదాకా ప్రతి ఇంటి ముందూ ఆగి పలకరించుకుంటూ వెళ్ళారు. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని అప్పుడు ఏడ్చింది. అంతవరకు ఏడవలేదు.

కర్ఫ్యూ సడలించాక, తర్వాత పూర్తిగా ఎత్తేశాక కూడా ఊరు వెంటనే మామూలు కాలేదు. చీకటి పడితే బయటికి రావడానికి ఎవరికీ కాళ్ళు ఆడేవి కావు. ఒక సైకిలు వేగంగా వెళ్తే "వస్తున్నారు, వస్తున్నారు" అని పుకారు పుట్టేది, తలుపులు టపటపా మూసుకునేవి. కిరాణా కొట్టాయన షట్టరు సగం దించి, వంగి సరుకులు ఇచ్చేవాడు. నా సంగీతం క్లాసు మానిపించేశారు. అప్పుడు మా పేటలో బీట్లు పెంచారు. మామూలు రాత్రి బీటుకి తోడు సాయంత్రం దీపాలవేళ నుంచి తొమ్మిది దాకా ఇద్దరిద్దరు చొప్పున నడిచేవాళ్ళు. జీపు లేదు, తుపాకీ లేదు. తెలిసిన మొహాలు. కొట్టు దగ్గర ఆగేవాళ్ళు, రామమందిరం మెట్ల మీద రెండు నిమిషాలు కూర్చునేవాళ్ళు, కుళాయి దగ్గర ఆడవాళ్ళని "నీళ్ళు వస్తున్నాయా?" అని అడిగేవాళ్ళు. పుకారు పుడితే అక్కడికక్కడే తేల్చేవాళ్ళు. "మేం అటునుంచే వస్తున్నాం, అక్కడేమీ లేదు, పడుకోండి" అంటే జనం నిజంగానే వెళ్ళి పడుకునేవాళ్ళు. రేడియోలో పరిస్థితి అదుపులో ఉందని ఎన్నిసార్లు చెప్పినా రాని నమ్మకం ఆ మాటతో వచ్చేది.

కొన్నాళ్ళకి షట్టరు పూర్తిగా లేచింది. ఒక సాయంత్రం అమ్మే నన్ను పిలిచి, "వాళ్ళు మీ టీచరు గారి వీధి మీదుగానే వెళ్తున్నారు, వెంట వెళ్ళు" అంది. పాటల పుస్తకం చంకన పెట్టుకుని వాళ్ళ వెనకే నడిచాను. తాత ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి నడక తగ్గించాడు, నేను అందుకునేలా. మా వీధిలో ఆ గొడవల తర్వాత మళ్ళీ పాట నేర్చుకోవడానికి బయటికెళ్ళిన మొదటి పిల్లని నేనే. నా తర్వాత మిగతావాళ్ళూ వచ్చారు.

90ల మొదట్లో ఇంకో భయం వచ్చింది. రాత్రిపూట ఏదో దయ్యం తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, తలుపు తీస్తే చచ్చిపోతారని ఊరూరా పాకింది. ఇంటింటి తలుపు మీదా సుద్దముక్కతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. కాల్‌బాయ్ పిలిచినా తలుపు తీయాలంటే మా మామ్మ ఒప్పుకునేది కాదు. తాత టార్చిలైటు వేసి మా తలుపు మీది రాత చదివి, "రాసుకోండి, తప్పులేదు. గడియ కూడా వేసుకోండి. పిలిచేది ఎవరో మేం చూసి చెబుతాం" అన్నాడు. అప్పట్నుంచి కొన్నాళ్ళు కాల్‌బాయ్ ఒక్కడే కాకుండా బీటు వాళ్ళని తోడు తెచ్చుకుని వచ్చి పిలిచేవాడు. భయపడేవాళ్ళని ఆయన ఎప్పుడూ వెక్కిరించలేదు. ఆయనలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇదంతా రాసి ఇక్కడ ఆపేస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. రైలు కట్ట పక్కన గుడిసెలు ఉండేవి. రిక్షా తొక్కేవాళ్ళు, చిత్తుకాగితాలు ఏరేవాళ్ళు, మా ఇళ్ళలో అంట్లు తోమేవాళ్ళు అక్కడే ఉండేవాళ్ళు. లాఠీ చప్పుడు వింటే వాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు అక్కడికే వెళ్ళేవాళ్ళు. కేడీ షీటు, అంటే పాత నేరస్తుడని స్టేషన్లో రికార్డు ఉన్నవాడి గుడిసె తలుపు రాత్రి రెండింటికి తట్టి, ఉన్నాడా లేడా అని చూసి పోయేవాళ్ళు. వాడు మారినా, వాడి పిల్లలు బడికి పోతున్నా ఆ తట్టడం ఆగేది కాదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కొడుకుని, పద్నాలుగేళ్ళవాణ్ణి, ఒక రాత్రి అనుమానం మీద ఎవరో పట్టుకుపోయారు. పొద్దున వదిలేశారు. వాడి వీపు మా మామ్మ చూసి పసుపు నూరి రాసింది. అదే వీధిలో, అదే నెలలో మేం హాయిగా నిద్రపోయాం. తాతని అడిగితే తల వంచుకుని, "అందరూ ఒకలా ఉండరమ్మా" అన్నాడు. ఆయన నడిచే రాత్రులు గుడిసెల దగ్గర కూడా కాసేపు కూర్చునేవాడని ఆ పనావిడే తర్వాత చెప్పింది. ఉన్నవాళ్ళ వీధిలో అయినా గుడిసెల్లో అయినా ధైర్యం ఇచ్చినప్పుడే అది మంచి బీటని నేను అనుకుంటాను. ఆయనది అలాంటిదే.

1992 కృష్ణా పుష్కరాల బందోబస్తు తర్వాత ఆయన మా వైపు రావడం తగ్గింది. బదిలీ అయిందన్నారు. కొత్తవాళ్ళు వచ్చారు, తర్వాత మోటారు సైకిళ్ళు వచ్చాయి. బీటు పుస్తకం మా కిటికీకి ఎప్పుడు కట్టడం మానేశారో నాకు గుర్తులేదు. మేడ కట్టించేటప్పుడు ఆ కిటికీ కూడా తీసేశారు.

మా అమ్మాయి సోషియాలజీ చదివేటప్పుడు దాని పుస్తకంలో ఒక సంగతి చదివాను. అమెరికాలో న్యూవార్క్ అనే ఊళ్ళో 1978-79లో కొన్ని పేటల్లో పోలీసుల్ని నడిపించి, కొన్నిచోట్ల మాన్పించి, ఏం జరుగుతుందో పరీక్షించారట. నడిచినచోట నేరాలు పెద్దగా తగ్గలేదు కానీ జనంలో భయం తగ్గింది, పోలీసుల మీద మంచి అభిప్రాయం పెరిగింది. అంతకు ముందు కాన్సాస్ సిటీలో కార్ల గస్తీని కొన్నిచోట్ల బాగా పెంచి, కొన్నిచోట్ల తీసేసి చూస్తే, ఆ తేడా జనానికి తెలియనే లేదట. చాలా ఏళ్ళకి, 2009లో, ఫిలడెల్ఫియాలో బాగా గొడవలు జరిగే మూలలు ఏరి అక్కడ నడిపిస్తే హింసాత్మక నేరాలు కూడా తగ్గాయని ఇంకో అధ్యయనం చెప్పింది. ఇది చదువుతుంటే నాకు మా కిరాణా కొట్టు షట్టరే కళ్ళముందు మెదిలింది. మా వీధిలో దొంగతనాలు ఎన్ని తగ్గాయో నేను లెక్క చెప్పలేను. మా అమ్మ నిద్రపోయింది, నేను క్లాసుకి వెళ్ళాను, కొట్టాయన నిటారుగా నించుని బేరం చేశాడు. దీన్ని కూడా ఎవరో కొలిచి, లెక్కలోకి తీసుకుని రాశారంటే చాలా సంతోషం వేసింది.

2021 డిసెంబరులో బెజవాడ, తాడేపల్లి శివార్ల అపార్టుమెంట్లలో చెడ్డీ గ్యాంగ్ దొంగతనాలు జరిగినప్పుడు ఆ పాత భయం మళ్ళీ చూశాను. మా అపార్టుమెంటులో మగవాళ్ళు వంతులు వేసుకుని గేటు దగ్గర కూర్చున్నారు. వాట్సాప్‌లో సీసీ కెమెరా వీడియోలు. అవి చూసినకొద్దీ టెన్షన్ ఎక్కువయ్యేదే తప్ప తగ్గేది కాదు. గుజరాత్ నుంచి వచ్చిన ముఠా అని పోలీసులు తేల్చి కొందర్ని పట్టుకున్నారు. ఆ పట్టుకోవడంలో కెమెరాల పాత్ర ఉంది, కాదనను. కానీ ఆ వారాల్లో మా వీధిలో ఇద్దరు కానిస్టేబుళ్ళు రాత్రి నడిచారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. వాచ్‌మన్ భార్యని పేరు కనుక్కుని పలకరించారు. ఆ రాత్రి మా అమ్మ, ఇప్పుడు ఎనభైకి దగ్గర పడింది, బాల్కనీలోంచి చూసి లోపలికొచ్చి మందులేసుకుని పడుకుంది. గ్యాంగ్ దొరికాక ఆ నడక ఆగిపోయింది. సిబ్బంది తక్కువని, ఏదైనా ఉంటే ఫోన్ చేయమని చెప్పారు. ఫోన్ చేస్తే వస్తారు, అందులో సందేహం లేదు. ఏదో జరిగాక చేసేదే కదా ఫోను.

సంక్రాంతికి మా వైపు సగం ఇళ్ళు తాళాలు పడతాయి. మిగిలేది ముసలివాళ్ళు, ఊళ్ళకి వెళ్ళడానికి సెలవు దొరకనివాళ్ళు. అందుకే మా అసోసియేషన్ తరఫున సీఐ గారికి అర్జీ రాశాం. కెమెరాలు మేమే పెట్టుకుంటాం, జీపు అక్కర్లేదన్నాం. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, రాత్రి ఇంకో రెండుసార్లు, ఇద్దరు మనుషులు నడవాలి. వారానికొకర్ని మార్చకుండా కనీసం కొన్ని నెలలు ఆ ఇద్దర్నే ఉంచాలి, మాకు వాళ్ళ పేర్లు, వాళ్ళకి మా పేర్లు తెలిసేలా. కాలువ గట్టు మీది ఇళ్ళవాళ్ళ సంతకాలు కూడా తీసుకున్నాను. వాళ్ళు ఒక వాక్యం చేర్చమన్నారు, తమ పిల్లల్ని ఊరికే ఆపి ఫోన్లు లాక్కుని చూడవద్దని. అది మొదటి పేజీలోనే రాశాను. సోమవారం అందరం కలిసి వెళ్ళి ఇస్తున్నాం.